బొమ్మ గీసేవారితో బేరం

గాజువాక నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం రెండు వారాలుగా నా బల్లమీద వుంది. భర్తకు ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం. ఆవిడ యింటిపట్టున వుండి, ఏటికొప్పాక లక్కబొమ్మలు తెప్పించి, చిన్న వెబ్‌సైట్ పెట్టి అమ్ముతోంది. ఇప్పుడు దానికొక లోగో, పెట్టెలమీద అంటించే లేబుల్, దసరా కొలువులకు నాలుగు ప్రకటనలు కావాలిట. "చీటీ పాడిన డబ్బులో పాతికవేలు దీనికని తీసి పెట్టాను. వూళ్లో కుర్రాళ్లు చేస్తామంటున్నారు, ఆన్‌లైన్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లూ చేస్తామంటున్నారు. యెవర్ని నమ్మను?" అని అడిగింది.

పదిమందినీ తలో లోగో గీసి చూపించమని, నచ్చినదానికే డబ్బు యివ్వమని మీకు యెవరో సలహా చెప్పారన్నారు. నాకిది బొత్తిగా గిట్టదు. పదిమంది చేత పది రవికెలు కుట్టించి, ఒక్కదానికే కూలి యిస్తామా? పైగా చేతినిండా పని వున్నవాళ్లు యీ పందేనికి రారు. వచ్చినవాళ్లలో కొందరు పాత బొమ్మకే పేరు మార్చి పంపుతారు. అంతకంటె, లోగడ చేసిన పనులు చూసి యిద్దర్ని యెంచుకోండి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఫైన్ ఆర్ట్స్ విభాగం వుంది. అక్కడ చదువుకున్న పిల్లల్ని వాకబు చేయండి. ఇద్దరికీ తలో దసరా ప్రకటన అప్పగించి, పూర్తి కూలి యివ్వండి. చెప్పిన రోజుకి తెచ్చారా, చెప్పింది విన్నారా అన్నది ఆ చిన్న పనిలోనే బయటపడుతుంది. "యీ బొమ్మలు యెవరు కొంటారండీ?" అని ముందుగా అడిగినవారికి నా వోటు.

ఇక తెలుగు సంగతి. సీతమ్మధారలో మా పిన్ని కూతురు పచ్చళ్లు అమ్ముతుంది. చవగ్గా వస్తుందని పైరాష్ట్రపు డిజైనర్ చేత లేబుల్ చేయించింది. రంగులు కన్నులపండువుగా వున్నాయి. అయిదువందల లేబుళ్లు అచ్చయి వచ్చాక చూస్తే గోంగూర పచ్చడి కాస్తా "పచ్‌చడి" అయి కూర్చుంది! చ కింద వుండవలసిన వత్తు వూడి, పక్కన మరో చ లేచింది. పాపం అతని నేరం కూడా అనలేం. బొమ్మలు చేసే కొన్ని సాఫ్ట్‌వేర్లలో మన లిపికి తగిన అమరిక ప్రత్యేకంగా యెంచుకోకపోతే వత్తులు యిలాగే విడిపోతాయి. తెలుగు రానివారికి ఆ తేడా కంటికి ఆనదు. మీ "ఏటికొప్పాక"లో ప్పా వుందిగదా, అచ్చుకు పంపేముందు తెలుగు చదవగలవారు అక్షరం అక్షరం చూడాలి. ఏ ఫాంటు వాడారో కూడా అడగండి. కొన్ని ఫాంట్లకు లైసెన్సు కొనాలి. అమెరికాలోని మనవారి సంస్థ సిలికానాంధ్ర విడుదల చేసిన ఫాంట్లు ఉచితం, వ్యాపారానికీ వాడుకోవచ్చు. వాటిలో గురజాడ, గిడుగు అన్నవి వున్నాయి. రెండూ మన ఉత్తరాంధ్ర పేర్లే సుమండీ!

డబ్బు యిచ్చాం గనక బొమ్మ మనదే అనుకోవడం చాలామందికి అలవాటు. 1957 నాటి కాపీరైట్ చట్టం అంత తేలిగ్గా వొప్పుకోదు. జీతానికి వున్న ఉద్యోగి ఆ ఉద్యోగంలో భాగంగా గీసినది, వేరే వొప్పందం లేకపోతే, యజమానికి చెందుతుంది. డబ్బిచ్చి తీయించుకున్న ఛాయాచిత్రం, గీయించుకున్న చిత్తరువు వంటి వాటికి వేరే నియమం వుంది. కాని విడిగా పనిచేసే డిజైనర్ గీసిన లోగో మీద హక్కు మామూలుగా అతనిదే. అది మీకు రావాలంటే అతను సంతకం పెట్టిన కాగితం వుండాలి. ఆ కాగితంలో గడువు రాయకపోతే అయిదేళ్లకే అని అర్థం; యే ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి మాత్రమే అని అర్థం. రేపు డాలస్‌లో బొమ్మల కొలువు పెట్టుకునే తెలుగు యిల్లాలికి మీ పెట్టె వెళ్లవద్దా? కనుక ప్రపంచమంతటికీ, కాపీరైట్ వున్నంతకాలానికీ అని స్పష్టంగా రాయించుకోండి. కశింకోటలో నివసించిన వడ్డాది పాపయ్యగారు (1921–1992) చందమామ అట్టమీద బొమ్మ వేస్తే మూలన "వ.పా." అని వుండేది, యెవరిదో లోకానికి తెలిసేది. లోగోమీద ఆ సంతకానికి చోటు లేదు. కాబట్టి, నేను చేశానని తన పనుల్లో చూపించుకునే స్వేచ్ఛ అతనికి ఆ కాగితంలోనే యివ్వండి. మీకు పోయేదేమీ లేదు.

అసలు ఫైళ్లు అడిగి తీసుకోండి. జేపెగ్ వొక్కటే యిస్తే అది చుక్కల బొమ్మ; పెద్దది చేస్తే చుక్కలు బయటపడి అలుక్కుపోతుంది. ఎస్.వి.జి. వంటి గీతల ఫైలైతే విజిటింగు కార్డుకీ, దుకాణం బోర్డుకీ కూడా సరిపోతుంది. మార్పులు యెన్నిసార్లో ముందే అనుకోండి. రోజుకొక రంగు మార్చమని ప్రాణం తీసే ఖాతాదారులూ వుంటారు, నాకు తెలుసు! మీ పాతికవేలలో పరీక్షపనికి కొంత, లోగోకి, లేబుల్‌కి సింహభాగం పోనీయండి. అచ్చు ఖర్చు మాత్రం విడిగా వుంచుకోండి. లోగోకి సగం ముందు, మిగతా సగం ఫైళ్లూ కాగితమూ చేతికి వచ్చాక.

ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు పెట్టెమీద వేస్తున్నారంటే లోపల వున్నది అసలు సరుకే అయివుండాలి, డిజైనర్‌కి ఆ సరుకు తెలిసివుండాలి. ఫోనులో ఫొటో పంపితే చాలదు. ఆకుల్నుంచీ, బెరళ్లనుంచీ తీసిన ఆ రంగులు తెరమీద వొకలా, చేతిలో వొకలా కనిపిస్తాయి. కుదిరితే వొక ఆదివారం అతన్ని వరహానది వొడ్డుకు తీసుకువెళ్లండి. తిరిగే అంకుడుకర్రకు లక్క అద్దుతుంటే పక్కన కూర్చుని చూడనివ్వండి. ఆ ప్రయాణం ఖర్చు మాత్రం మీదే.