మల్లె వాసన సీసాలో పట్టుబడుతుందా?

చైత్రం వచ్చిందంటే సాయంకాలం మా వీధిలోకి మల్లెపూల బుట్ట దిగుతుంది. మూర కొలిచేటప్పుడు పూలమ్మి మోచెయ్యి కాస్త లోపలికి మడుస్తుందని మనకు తెలుసు, తెలిసే కొంటాం. ఈ రోజుల్లో ఎవరో ఒక సోదరి నన్ను అడుగుతూనే ఉంటారు: "మా పందిరి నిండా పూస్తున్నాయండీ. అత్తరు చేసుకోవచ్చునా? నీళ్ళలో మరగబెడితే వాసన దిగుతుందా?"

దిగదు. మరిగిన మల్లెపూలు ఉడికిన ఆకుకూర వాసన వేస్తాయి. గులాబీ సంగతి వేరు, అది వేడికి ఓర్చుకుంటుంది. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో ఈనాటికీ పెద్ద రాగి పాత్రల్లో పూలూ నీళ్ళూ పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా వెళ్ళి, నీళ్ళ తొట్టిలో ఉంచిన మరో పాత్రలోకి చేరుతుంది. ఆ పాత్రలో ముందే గంధపు నూనె పోసి ఉంచుతారు. వచ్చిన పరిమళాన్ని ఎగిరిపోకుండా పట్టి ఉంచడం దాని పని. మల్లెను కూడా అక్కడ అల్లాగే దించుతారు. బాగానే ఉంటుంది కాని, అది గంధం ఒళ్ళో కూర్చున్న మల్లె. జడలోని మల్లె కాదు.

నువ్వుగింజలో నూనె ఉన్నట్టు మల్లెమొగ్గలో వాసన నిలవ ఉండదు. విచ్చుకునేటప్పుడు పుడుతుంది, కోసిన తరవాత కూడా రాత్రంతా పుడుతూనే ఉంటుంది. మధ్యాహ్నం ఏ వాసనా లేని మొగ్గలు రాత్రి ఎనిమిదింటికి ఇల్లంతా ఘుమాయించడం అందుకే. బతికున్న పువ్వును మంట మీద పెడితే ఆ పని అక్కడితో ఆగిపోతుంది.

ఫ్రాన్సు దేశంలో గ్రాస్ అనే ఊరివారు ఈ సంగతి కనిపెట్టి, జాజిపూలను వండకుండా పడుకోబెట్టారు. చట్రంలో బిగించిన గాజుపలకకు పందికొవ్వూ పశువుల కొవ్వూ కలిపి పూసి (ముఖం చిట్లించకండి), దానిమీద పూలు పరిచేవారు. మర్నాడు వాటిని ఏరేసి కొత్త పూలు. ఇల్లా వారాల తరబడి. వాసన నిండిన కొవ్వును సారాయితో కడిగి పరిమళం తీసేవారు. ఆ పద్ధతి ఇప్పుడు దాదాపు పోయింది. పూలను రసాయన ద్రావకాల్లో నానబెట్టి తీస్తున్నారు. కిలో సారానికి కొన్ని వందల కిలోల పూలు కావాలి. తమిళనాడులో మన మల్లె నుంచే ఇల్లా తీసిన సారం ఫ్రాన్సు వారి సీసాల్లోకీ వెళుతుంది.

అసలు దేనికీ లొంగని పువ్వు కూడా ఉంది. ఫ్రాన్సులో వసంతానికి గుర్తు మ్యూగే. చిన్న చిన్న తెల్ల గంటల్లాంటి పూలు. మే 1వ తేదీన ఒకరికొకరు ఇచ్చుకుంటారు. ఆ పువ్వు నుంచి పనికివచ్చే సారం రాదు. ఎడ్మండ్ రుద్నిత్‌స్కా అనే ఆయన గ్రాస్ దగ్గర తన తోటలో ఆ మొక్కలు పెంచి, వాసన చూసి చూసి జ్ఞాపకం పెట్టుకుని, వేరే ద్రవ్యాలతో ఆ వాసనను కట్టాడు. 1956లో డియోర్ వారు దాన్ని డియోరిసిమో అన్న పేరుతో అమ్మకానికి పెట్టారు. మ్యూగే లేని మ్యూగే!

ఇన్ని చదివింది మా పిన్ని కోసం. బాబాయి పోయి మూడేళ్ళయింది. అంతవరకూ మల్లెల కాలంలో ఆవిడ తల ఖాళీగా ఉండగా నేను చూడలేదు. "పూలు నీకు పుట్టినప్పటినుంచీ ఉన్నవే గాని, బాబాయి తెచ్చినవా పిన్నీ?" అని వాదించాను. శాంతంగా వింది. "నువ్వన్నది నిజమేనే. నా చెయ్యే పైకి లేవడం లేదు. వాసన ఒక్కటీ దొరికితే చాలు" అంది.

బజారు నుంచి మల్లె సెంటు సీసా తెచ్చి ఇచ్చాను. మణికట్టు మీద రాసుకుని, "ఇది మల్లె కాదే, మల్లెపూల సబ్బు" అంది. ఆవిడ ముక్కు గట్టిది. నిజమైన మల్లెలో ఇండోల్ అనే పదార్థం కొద్దిగా ఉంటుంది. విడిగా చూస్తే కంపు. పచ్చి ఇంగువ ఘాటు ఎల్లా ఉంటుంది? అదే పప్పుచారు పోపులో చిటికెడు పడకపోతే చారేం బాగుంటుంది? చవక సెంట్లలో తీపే గాని ఈ ఇంగువ ఉండదు.

చివరికి మన దేశపు పాత పద్ధతే పట్టాను. గ్రాస్ వారి కొవ్వు మన ఎండలకు కరిగి కారిపోతుంది. నువ్వుగింజ తన నూనెను పొట్టలోనే దాచుకుని వాసన పట్టుకుంటుంది. పొట్టు తీసి బాగా ఆరబెట్టిన నువ్వులు రెండు కిలోలు తీసుకున్నాను. సాయంకాలం పళ్ళెంలో ఒక వరస నువ్వులు, ఒక వరస మొగ్గలు పరిచి, పైన పలచని గుడ్డ కప్పాలి. తెల్లవారగానే, పూలు వడిలి ఎర్రబడకముందే, ఒక్కటి మిగలకుండా ఏరెయ్యాలి. మళ్ళీ సాయంకాలం కొత్త మొగ్గలు. ఒక్క జాగ్రత్త: నీళ్ళు చల్లిన బజారు పూలు వద్దు, తడి తగిలితే నువ్వులు బూజు పడతాయి. చెట్టున కోసిన పొడి మొగ్గలే కావాలి. పది రాత్రులు ఇల్లా చేసి, చిన్న మిషను గానుగలో ఆడించాను. ముప్పావు కిలో నూనె వచ్చింది. వేయించిన నువ్వులు పనికిరావు సుమండీ, ఆ వాసన ముందు మల్లె ఓడిపోతుంది.

పిన్ని నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని, రుద్ది, చాలాసేపు మాట్లాడలేదు.

"ఇది సాయంత్రం మల్లె కాదే. తెల్లవారుజామున దిండు మీద ఉండే మల్లె" అంది. అని, ఆ చెయ్యి తలకు రాసుకుంది.