ఆరు రోజుల లెక్కలో ఏడో రోజు ఏమైంది?

ఆదికాండం మొదటి అధ్యాయం మీద గుంటూరు, ఒంగోలు ప్రాంతాల సువార్త సభల్లో తరచుగా వినబడే మాట ఒకటుంది. దేవుడు రోజుకు 24 గంటల చొప్పున సరిగ్గా 6 రోజుల్లో సృష్టి ముగించాడు, భూమి వయసు ఆరు వేల ఏళ్లు, కాదన్నవాడు బైబిలునే కాదన్నట్టు. విచిత్రమేమంటే హేతువాద సభల్లోనూ ఇదే పాఠం. వాళ్లు నమ్మడానికి చదువుతారు, వీళ్లు నవ్వడానికి చదువుతారు. చదివే తీరు మాత్రం ఒక్కటే.

ఇది పూర్వీకుల విశ్వాసమంటారు. పూర్వీకులందరిదీ కాదు. ఐదో శతాబ్దం తొలినాళ్లలో ఆదికాండానికి పెద్ద వ్యాఖ్యానం రాసిన అగస్టీన్, దేవుడు సర్వాన్నీ ఒక్కసారిగా సృష్టించాడని, ఆరు రోజులన్నది మనిషికి బోధపడేందుకు చెప్పిన క్రమమని భావించాడు. డార్విన్ పుట్టడానికి అప్పటికింకా పద్నాలుగు వందల ఏళ్లుంది. సైన్సుకు జడిసి సర్దుకున్నాడన్న నింద ఆయనకు అంటదు. క్రీస్తుపూర్వం 4004లో సృష్టి జరిగిందన్నది 1650లో ఐర్లండు ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ కట్టిన లెక్క. తర్వాత అది ఇంగ్లిషు బైబిళ్ల అంచుల్లో అచ్చయి, అదీ వాక్యంలో భాగమేనేమో అన్నంత చనువు సంపాదించింది. 1925లో అమెరికాలో పరిణామవాదం బోధించిన ఉపాధ్యాయుడికి వ్యతిరేకంగా వాదించిన విలియం జెన్నింగ్స్ బ్రయాన్ సైతం, ఆ రోజులు 24 గంటలవే కానక్కర్లేదని కోర్టులో ఒప్పుకున్నాడు. నేటి వాదానికి ఊపు వచ్చింది 1961లో విట్‌కోంబ్, మోరిస్ రాసిన ‘ది జెనెసిస్ ఫ్లడ్’ తర్వాత. ఆ మోరిస్ భూగర్భ శాస్త్రజ్ఞుడు కాదు, ఇంజనీరు.

అధ్యాయాన్ని తీరిగ్గా చదివితే గడియారం ఎందుకు పనికిరాదో తెలుస్తుంది. సూర్యుడు వచ్చేది నాలుగో రోజున. మరి మొదటి మూడు రోజుల పొద్దు దేంతో కొలిచారు? మొదటి రోజు వెలుగు, నాలుగో రోజు జ్యోతులు; రెండో రోజు ఆకాశం, నీళ్లు, ఐదో రోజు వాటిలో తిరిగే పక్షులు, చేపలు; మూడో రోజు నేల, ఆరో రోజు ఆ నేల మీద బతికే జంతువులు, మనిషి. ముందు చోటు, తర్వాత అందులో ఉండేవాళ్లు. ఇది కూర్చిన వరస, దినచర్య పుస్తకం కాదు.

ఇక భూమి వయసు సంగతికొస్తే, మార్కాపురం పలకనే తీసుకోండి. నీటి అడుగున పేరుకున్న సన్నటి బురద ఒత్తిడికి గట్టిపడి రాయైంది; అంచున ఉలి పెట్టి తడితే రేకులు రేకులుగా విడిపోతుంది. ఆ రాతి వయసు వంద కోట్ల ఏళ్ల పైమాటే. దాని మీదే అఆలు దిద్దిన పిల్లలకు సండేస్కూల్లో ఆరు వేల ఏళ్ల లెక్క అప్పజెప్పించడం కంటే వింత ఏముంటుంది?

అలాగని ఒక్కో రోజును కోట్ల ఏళ్లకు సాగదీసి సైన్సుతో రాజీ కుదిర్చేవాళ్ల దారీ నిలవదు. మూడో రోజు మొలిచిన చెట్లు నాలుగో రోజు సూర్యుడి కోసం కోట్ల ఏళ్లు కాచుకున్నాయా? బ్రహ్మకు పగలు 432 కోట్ల ఏళ్లు కనుక పురాణాలు భూమి వయసు ముందే చెప్పాయని మురిసేవాళ్లదీ ఇదే వ్యసనం.

ఈ నేల మీద ఆ వారానికి అర్థం వేరే చోట తేలింది. 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లఫ్, చుట్టుపక్కల మాదిగపల్లెల నుంచి వచ్చిన విశ్వాసులకు మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. ఊరికి మొదటిది మింగుడుపడలేదు. చెప్పులు కుట్టాలన్నా, మోట బొక్కెన తోలు బాగుచేయాలన్నా పిలిస్తే పరుగెత్తుకు రావాల్సినవాళ్లు వారానికో రోజు రామంటే ఎలా? చాకలి బట్టలు ఉతకకూడదన్నారు, కుమ్మరి కుండ అమ్మకూడదన్నారు, పశువుల్ని ఊరుమ్మడి బీళ్ల నుంచి తోలేశారు, కోతల్లోకి రానివ్వక గింజలు దక్కకుండా చేశారు. అయినా 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అప్పుడు వచ్చిన కరవులో సాయం కోసమని కొట్టిపారేసేవాళ్లున్నారు. కరవు నడిచినన్నాళ్లూ క్లఫ్ బాప్తిస్మాలు ఆపేశాడన్న సంగతి వాళ్లు చెప్పరు. వెట్టికి ఆదివారం లేని చోట ఏడో రోజు అంటే ఏమిటో ఈ జనానికి వ్యాఖ్యానం అక్కర్లేకపోయింది.

24 గంటల వాదుల దగ్గర గట్టి ఆధారమే ఒకటుంది. నిర్గమకాండం 20లో, దేవుడు ఆరు రోజుల్లో సృష్టించాడు గనుక మీరూ ఆరు రోజులు పనిచేసి ఏడో రోజు ఆగండి అని ఆజ్ఞ. నిజమే. కానీ ద్వితీయోపదేశకాండం 5లో అదే ఆజ్ఞకు కారణం మారింది. అక్కడ సృష్టి ఊసే లేదు. ఐగుప్తులో మీరు దాసులు, అది గుర్తుంచుకోండి అంటుంది. దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, అందరికీ విశ్రాంతి. ఒకే విశ్రాంతి దినానికి సృష్టినీ దాస్య విముక్తినీ రెండు కారణాలుగా చూపిన గ్రంథం గంటల లెక్క మీద పట్టుబట్టిందనడం మొండితనం.

ఇప్పుడు మిరప కోతల కాలంలో గుంటూరు, ప్రకాశం చేలల్లో కాయ పండితే ఆదివారమని ఆగదు. కూలి ఆడవాళ్లు ఎండలో వంగి కోస్తూనే ఉంటారు, పని మానితే ఆ పూట కూలి పోతుంది. ఎద్దుకు కూడా సెలవిమ్మన్న ఆజ్ఞ వీళ్లకు ఎలా వర్తిస్తుందో చెప్పమని పాస్టర్లను అడగాలి. గంటలు లెక్కగట్టే ఓపిక ఉన్నవాళ్లు దీనికీ జవాబు ఆలోచించవచ్చు.