ఐలమ్మ వారసత్వం ఎవరి పేరున ఉంది?

మార్చి 8 వచ్చిందంటే మన సంఘాల ఆఫీసు గోడల మీదికి కొన్ని బొమ్మలు వస్తాయి. సోజర్నర్ ట్రూత్, హారియెట్ టబ్‌మన్, రోజా పార్క్స్ వంటి నల్లజాతి స్త్రీలు. వాళ్ల పక్కన చేతిలో కర్ర పట్టుకున్న చాకలి ఐలమ్మ. కింద ఒక వాక్యం: అడ్డుగోడలు బద్దలు కొట్టిన స్ఫూర్తిదాయక మహిళలు, చెరగని వారసత్వం. బొమ్మలతో నాకు పేచీ లేదు. పేచీ ఆ వాక్యంతోనే. ధైర్యాన్ని ఉంచి, ఆ ధైర్యం దేనికోసమో దాన్ని తీసేసే వాక్యం అది.

'వారసత్వం' అన్న మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. సభలో వాడితే అది ఆదర్శం. తహసీల్దారు ఆఫీసులో వాడితే అది భూమి: ఎవరు చనిపోయారు, వారసులెవరు, పట్టా ఎవరి పేరున మారాలి అన్న ప్రశ్న. స్త్రీల ఉద్యమాలు కూడా మొదటి అర్థాన్ని పట్టుకుని రెండోదాన్ని రెవెన్యూ వాళ్లకు వదిలేశాయి.

ముందు రోజా పార్క్స్ సంగతి చూద్దాం. పని నుంచి అలసిపోయి వచ్చిన ఒక కుట్టుపని మనిషి 1955 డిసెంబరు 1న బస్సులో సీటు వదలనన్నది, చరిత్ర మారింది అని చెప్పుకుంటాం. ఆమె 1943 నుంచే మాంట్‌గోమరీలో నల్లజాతి హక్కుల సంఘం కార్యదర్శి. 1944లో తెల్ల మగవాళ్లు సామూహిక అత్యాచారం చేసిన రేసీ టేలర్ కేసులో నిజానిజాలు సేకరించడానికి వెళ్లిన మనిషి. ఆమె కంటే తొమ్మిది నెలల ముందే, 1955 మార్చి 2న, పదిహేనేళ్ల క్లాడెట్ కోల్విన్ అదే ఊళ్లో అదే పని చేసి అరెస్టయింది. బస్సుల్లో వేర్పాటును కొట్టించిన కేసులో ఫిర్యాదుదారులు కోల్విన్‌తో సహా నలుగురు స్త్రీలు. రాత్రికి రాత్రి వేల కరపత్రాలు తీసి బస్సుల బహిష్కరణకు పిలుపునిచ్చింది అక్కడి స్త్రీల రాజకీయ మండలి. అది 381 రోజులు సాగింది. ఇంత సంఘటిత కృషినీ ఒక్క స్త్రీ అలసటగా కుదించారు. ఎందుకంటే అలసిన స్త్రీ మీద జాలి చూపొచ్చు. సంఘం కట్టిన స్త్రీకి జవాబు చెప్పాలి.

మన గోడల మీద తక్కువగా కనిపించే ఇంకో నల్లజాతి స్త్రీ ఉంది. ఫానీ లూ హేమర్. మిసిసిపీలో పాలుకు పత్తి సేద్యం చేసే ఇంట్లో 1917లో ఇరవయ్యో సంతానంగా పుట్టింది. ఆరేళ్ల నుంచే పత్తి ఏరింది. భూమి తెల్ల ఆసామిది, రెక్కలు నల్లవాళ్లవి, లెక్క రాసేది ఆసామి. ఏడాది చివర చూస్తే అప్పే మిగిలేది. వరంగల్ పత్తి రైతుకు ఈ లెక్క విప్పి చెప్పనక్కర్లేదు. 1961లో ఆమెకు చెప్పకుండానే డాక్టరు గర్భసంచి తీసేశాడు. 1962 ఆగస్టు 31న ఓటరుగా నమోదు కావడానికి వెళ్లివచ్చినందుకు పద్దెనిమిదేళ్లు పనిచేసిన ఎస్టేటు నుంచి ఆసామి ఆమెను వెళ్లగొట్టాడు. 1963లో వినోనా జైల్లో చావగొట్టారు. ఇక్కడిదాకా ధైర్యం కథ. మన పోస్టర్లు ఇక్కడే ఆగుతాయి. ఆమె ఆగలేదు. ఓటు వచ్చినా ఆసామి భూమి మీద బతికేవాడు ఆసామికి భయపడక తప్పదని ఆమెకు అనుభవంతో తెలుసు. 1969లో ఫ్రీడమ్ ఫార్మ్ అనే సహకార సేద్య సంఘం పెట్టి మొదట 40 ఎకరాలు కొన్నది. తర్వాత మరికొన్ని వందల ఎకరాలు చేర్చింది. 1970ల మధ్యకు అప్పుల్లో ఆ భూములు పోయాయి. 1977లో ఆమె చనిపోయింది. ఆమె వదిలి వెళ్లింది తీరని డిమాండును. ఆ డిమాండు ఏ పోస్టరులోనూ లేదు.

ఇప్పుడు తొర్రూరు దగ్గరికి వద్దాం. రాయపర్తి, పాలకుర్తి, విస్నూరు, కడవెండి అన్నీ ఈ చుట్టుపక్కల ఊళ్లే. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు తొర్రూరు మహబూబాబాద్‌లోకీ పాలకుర్తి జనగామలోకీ పోయాయి గానీ చరిత్ర ఒక్కటే. రాయపర్తి మండలం కృష్ణాపురంలో పుట్టి పాలకుర్తికి కోడలుగా వచ్చిన చిట్యాల ఐలమ్మ కులం ప్రకారం చేయాల్సింది గడీకి వెట్టి. ఆమె చేసింది సేద్యం. మల్లంపల్లి భూస్వామి దగ్గర 40 ఎకరాలు కౌలుకు తీసుకున్నది. ఆంధ్రమహాసభలో, అంటే జనం 'సంఘం' అని పిలిచిన దానిలో చేరింది. చాకలి మనిషి కాపుదనం చేయడం, అందులోనూ ఆడది చేయడం, పైగా సంఘంలో ఉండడం విస్నూరు దేశముఖ్ రామచంద్రారెడ్డికి సహించలేదు. పంట కోసుకుపొమ్మని మనుషుల్ని పంపాడు. సంఘం కార్యకర్తలు వాళ్లను తరిమి, ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశముఖ్ మనుషుల తుపాకీ గుండుకు చనిపోయాడు. ఆ తర్వాత జరిగింది సాయుధ పోరాటం.

జాతి, కులం ఒకటి కావు. బానిస సంత వేరు, వెట్టి వేరు. అయినా 1873లోనే జోతిరావు ఫూలే తన 'గులాంగిరి'ని నల్లజాతి బానిసల విముక్తికి పాటుపడిన అమెరికన్లకు అంకితమిచ్చాడు. పోలిక మనం కొత్తగా తెచ్చిపెట్టుకున్నది కాదు. హేమర్, ఐలమ్మ ఇద్దరూ దున్నింది పరాయి భూమి. ఇద్దరినీ శిక్షించింది ఆ భూమి మీద పెత్తనమున్నవాడు. ఇద్దరి వెనకా సంఘం ఉంది. ఈ మూడూ తీసేస్తే మిగిలేది 'వీరనారి' అన్న మాటే.

ఆ మాట ఎంత బోలుదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. విస్నూరు దేశముఖ్ తల్లి, దొరసాని జానమ్మ, కడవెండి గడీ నుంచి ఊళ్ల మీద పెత్తనం చేసింది. మగవాళ్ల అధికారమంతా చేతిలోకి తీసుకున్న స్త్రీ. అడ్డుగోడలు దాటడమే కొలత అయితే ఆమెకీ మన గోడ మీద చోటివ్వాలి. ఇవ్వం కదా? అంటే మన కొలత అది కాదన్నమాట. మరి ఆ వాక్యం ఎందుకు రాస్తున్నాం?

పోరాటం తర్వాతి కథ ఇంకా చేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఐలమ్మతో సహా ఆ స్త్రీలు చెప్పుకున్నది చదవండి. తుపాకులు మోసిన వాళ్లను, కొరియర్లుగా తిరిగిన వాళ్లను పోరాట విరమణ తర్వాత ఇళ్లకు పొమ్మన్నారు. ఇళ్లయితే ఉన్నాయి, ఇంటి పట్టా ఎవరి పేరున ఉంది? ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న చనిపోయింది. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కునిచ్చిన ఉమ్మడి రాష్ట్రపు సవరణ వర్తించింది 1985 సెప్టెంబరు 5 నుంచి. అదీ అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు లేదు. వాళ్లు 2005 కేంద్ర సవరణ దాకా ఆగాలి. తండ్రి అప్పటికే చనిపోయినా హక్కు హక్కేనని సుప్రీంకోర్టు తేల్చింది 2020 ఆగస్టులో. చట్టం వచ్చింది గానీ ఊళ్లో ఏం జరుగుతోంది? "కట్నం ఇచ్చాం కదా" అంటారు. పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయంతో ఆడబిడ్డ సంతకం పెడుతుంది.

కౌలుదారుల సంగతి మరీ అన్యాయం. ఐలమ్మ కౌలుదారు అని గుర్తుంచుకోండి. 2018 మేలో మొదలైన రైతుబంధు డబ్బు పట్టాదారు ఖాతాలో పడింది, దున్నేవాళ్లకు పడలేదు. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన అయిదు లక్షల రైతుబీమా కూడా పట్టాదారుకే. కౌలు రైతు పురుగుమందు తాగి చనిపోతే అతని భార్య చేతిలో అతను రైతని చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు. ఆమె పేరున అసలే ఉండదు. పాత పహాణీలో సాగుదారు కాలమ్ ఉండేది. ధరణి ఆ కాలమ్ లేకుండా వచ్చింది. 2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారింది, మన ప్రశ్న మారలేదు. 2024లో కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు. మంచిదే. అయితే రైతుబంధు మొదలైన 2018లో ఐలమ్మే పాలకుర్తిలో కౌలు చేస్తూ ఉండి ఉంటే ఆ జాబితాలో ఆమె పేరు ఉండేది కాదు.

"పేద ఆడపిల్లలకు గెలుపు కథలు కావాలి, చట్టాలూ పహాణీలూ చెబితే ఎవరు వింటారు?" అని మన కార్యకర్తలే అడుగుతారు. ఆడపిల్లలకు నమ్మకం కావాలన్నది నిజం. కానీ ఒంటరి ధైర్యం కథ విన్న పిల్ల తనకు అంత ధైర్యం లేదనుకుని ఇంటికి పోతుంది. ధాన్యం మోసిన సంఘం కథ, కరపత్రాలు తీసిన మండలి కథ విన్న పిల్ల రేపు ఎవరిని కలవాలో ఆలోచిస్తుంది. నమ్మకం పుట్టేది అక్కడ. పైగా స్ఫూర్తికి బడ్జెట్ సులువుగా వస్తుంది, భూమి అడిగితే రాదు. మన ఫండర్లకూ ప్రభుత్వానికీ ఏది ఇష్టమో చూసి మనం పోస్టర్లు వేస్తున్నామా అని ఒకసారి తరచి చూసుకోవాలి.

సెప్టెంబరు 26న ఐలమ్మ జయంతి చేస్తాం. ఈసారి దండతో పాటు ఒక నోటుబుక్కు పట్టుకుపోదాం. ప్రతి ఇంట్లో మూడే ప్రశ్నలు: భూమి ఎవరి పేరున ఉంది? దున్నేది ఎవరు? ఆడబిడ్డ ఎక్కడ, ఏమని సంతకం పెట్టింది? ఆ లెక్కను గ్రామసభలో చదివి వినిపిద్దాం, మండలాఫీసులో ఇచ్చి రసీదు తీసుకుందాం. కౌలు చేసే స్త్రీకి రైతుగా గుర్తింపు వచ్చేదాకా, కూతురు పేరు పాస్‌పుస్తకంలోకి ఎక్కేదాకా, ఐలమ్మ వారసత్వం ఎవరి పేరునా మారలేదు. ఆ ఫైలు ఇంకా పెండింగులోనే ఉంది.