పీహెచ్‌డీకి ముందు ఉద్యోగమా? వయసు లెక్క చూసుకోండి!

పీజీ పూర్తికాగానే పీహెచ్‌డీకి వెళ్లాలా, రెండు మూడేళ్లు ఉద్యోగం చేసి వెళ్లాలా? ఇంట్లో ‘ముందు జీతం సంగతి చూడు’ అంటారు. లెక్చరర్లేమో ‘ఒకసారి ఉద్యోగంలో పడితే మళ్లీ పుస్తకం పట్టలేవు’ అంటారు. ఎవరి మాట వినాలో తేల్చుకునే ముందు ప్రవేశాల తీరు తెలుసుకోండి.

2024 జూన్ నుంచి యూజీసీ నెట్ స్కోరుతో పీహెచ్‌డీ ప్రవేశాలు ఇచ్చే విధానం వచ్చింది. జేఆర్‌ఎఫ్ సాధించినవారిని ఇంటర్వ్యూతో తీసుకుంటారు. మిగతా అర్హులకు నెట్ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఇందులో ఉద్యోగానుభవానికి విడిగా మార్కుల్లేవు. అది అక్కరకొచ్చేది ఇంటర్వ్యూలోనే.

ప్రశ్నలోనే తేడా

ఎకనామిక్స్ పీజీ చేసిన ఇద్దరున్నారనుకోండి. ఒకరు ‘సూక్ష్మరుణాలపై పరిశోధన చేస్తాను’ అంటారు. మైక్రోఫైనాన్స్ సంస్థలో పనిచేస్తూ ఊళ్లు తిరిగినవారు ‘డ్వాక్రా సంఘంలో తక్కువ వడ్డీకి అప్పు దొరుకుతున్నా కొందరు మహిళలు బయట ఎక్కువ వడ్డీకి ఎందుకు తెస్తున్నారు?’ అంటారు. ప్యానెల్ ఆసక్తిగా వినేది రెండో మాటే. పనిచేసిన ఏళ్లకన్నా ఆ పనిలో ఎదురైన ప్రశ్నకే విలువ.

చిక్కంతా వయసుతోనే

జేఆర్‌ఎఫ్‌కు గరిష్ఠ వయసు 30. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, దివ్యాంగులు, ట్రాన్స్‌జెండర్లకు 5 ఏళ్ల సడలింపు ఉంది. పీజీ సబ్జెక్టుకు సంబంధించిన పరిశోధన చేసినట్టు ధ్రువపత్రం ఉంటే ఆ కాలానికీ సడలింపు ఇస్తారు. అన్నీ కలిపినా 5 ఏళ్లు మించదు. మామూలు ఉద్యోగానికి ఇది వర్తించదు. వయసు దాటినా పీహెచ్‌డీ చేయొచ్చు. కానీ నెలకు రూ.37,000తో మొదలయ్యే ఫెలోషిప్ చేజారుతుంది. మధ్యతరగతి ఇంటికి అది చిన్న మొత్తమా?

ఉద్యోగం వదలకుండా...

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేయొచ్చు. యాజమాన్యం నుంచి ఎన్ఓసీ తప్పనిసరి. పరిశోధనకు తగిన సమయం దొరుకుతుందని, అవసరమైతే కోర్స్‌వర్క్‌కు రిలీవ్ చేస్తామని అందులో రాసివ్వాలి. కాబట్టి దరఖాస్తుకు ముందే హెచ్ఆర్‌తో మాట్లాడుకోండి.

పీజీ చివరి ఏడాదిలోనే నెట్ రాయొచ్చు, రాసేయండి. జేఆర్‌ఎఫ్ వస్తే చేరడానికి మూడేళ్ల గడువుంటుంది. ఆలోపు ఉద్యోగమూ చూడొచ్చు. జేఆర్‌ఎఫ్ రాకపోతే మాత్రం ఆ స్కోరు పీహెచ్‌డీ ప్రవేశానికి ఏడాదే చెల్లుతుంది. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు ఈ తేదీలు పక్కన రాసుకోండి.