ప్రశ్న పాలకునికి, గౌరవం పక్కింటోడికి

గడ్డిఅన్నారం చౌరస్తాల పది నిమిషాలు నిలబడితే తెలుగు ఎన్ని తీర్లుగా మాట్లాడుతారో చెవికి తెలుస్తది. నల్లగొండ నుంచి చదువుకు వచ్చిన పిల్లగాడు, పాలమూరు నుంచి కూలికి వచ్చిన అవ్వ, గుంటూరు నుంచి వచ్చి ఇల్లు కట్టుకున్న రిటైర్డు ఉద్యోగి, సీమ నుంచి కోచింగ్‌కు వచ్చి హాస్టల్లో ఉంటున్న నిరుద్యోగి, మలక్‌పేట వైపు నుంచి ఆటో నడుపుకుంటూ వచ్చే ముస్లిం సోదరుడు. నల్లగొండ బస్సూ, విజయవాడ బస్సూ పోయేది ఈ రోడ్డు మీదనే. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో పేలిన రెండు బాంబులు మీది ఏ జిల్లా అని ఎవరినీ అడగలేదు.

ఇటువంటి చోట ఎవరు ఏం మాట్లాడొచ్చు? ఎక్కడ ఆగాలి? ఆపే హక్కు ఎవరికున్నది? రాష్ట్రం వచ్చి పదేండ్లు దాటినా ఈ ప్రశ్న పాతబడలేదు. నోరు తెరిచినందుకే లాఠీలు, తూటాలు తిన్న ఉద్యమం మనది. కాబట్టి అందరికంటే ముందు జవాబు చెప్పవలసిందీ మనమే.

1952లో 'నాన్ ముల్కీ గోబ్యాక్' అన్న విద్యార్థులకు సిటీ కాలేజీ దగ్గర పోలీసు తూటాలే జవాబైనయి. 1969లోనూ అంతే. కానీ ఆ నినాదం వెనుక ఒక నిబంధన ఉన్నది, ఒక లెక్క ఉన్నది. స్థానికునికి రావలసిన కొలువు దొంగ ముల్కీ సర్టిఫికెట్‌తో పోతున్నదన్న ఫిర్యాదు ఉన్నది. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులకు విరుద్ధంగా నియామకాలు జరిగాయని ఒప్పుకుని, 1985 డిసెంబర్ 30న సర్కారే జీవో 610 ఇచ్చింది. 1986 మార్చి 31 లోగా స్థానికేతరులను వారి జోన్లకు పంపాలన్నది. గడువు దాటి ఏండ్లు గడిచినా అది కాగితం మీదనే ఉండిపోయింది. దాని అమలు అడగడం ద్వేషం ఎట్లయితది? అది ఉద్యోగి హక్కు. దాన్ని ప్రాంతీయ ద్వేషమని ముద్ర వేసినోళ్లు, అసలు ప్రశ్న నుంచి తప్పించుకోవడానికే వేసిన్రు.

అయితే అదే నినాదం సచివాలయం గేటు వదిలి గల్లీలోకి వస్తే అర్థం మారుతది. 'తెలంగాణ వాలే జాగో, ఆంధ్రా వాలే భాగో' అన్న మాట మలి ఉద్యమంలో వినిపించిందే. మొదటి సగం మేల్కొలుపు. మరి రెండో సగం ఎవరికి? జీవోను తొక్కిపెట్టిన అధికారికా? భూములు చుట్టుకున్న పెట్టుబడిదారుకా? లేక చౌరస్తాల టిఫిన్ బండి పెట్టుకుని పొట్ట పోసుకుంటున్న ప్రకాశం జిల్లా మనిషికా? అన్నోడికి ఆ తేడా తెలిసే ఉండొచ్చు. బండి దగ్గర కూర్చుని హోంవర్క్ చేసుకునే ఆయన బిడ్డకు ఎవరు చెప్పాలి? మా కొట్లాట ఆంధ్ర పాలకులతోనే, ప్రజలతో కాదని ఉద్యమ వేదికల మీద పదే పదే చెప్పవలసి వచ్చింది. ఆ గీత ఎంత సన్ననిదో అందులోనే తెలుస్తున్నది.

ఇదే మాటను సముద్రాల అవతల మనోళ్లు విన్నరు. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలాథే పట్టణంలో, మా దేశం నుంచి పొండని అరుస్తూ ఒక తెల్లవాడు తుపాకీ పేల్చిండు. హైదరాబాద్‌లో కన్నవాళ్లున్న తెలుగు ఇంజినీరు చనిపోయిండు. అతని మిత్రుడికి గాయమైంది. అడ్డుకోబోయిన ఇంకో తెల్లాయన కూడా తూటా తిన్నడు. ఆ రోజు మనం కన్నీళ్లు పెట్టుకున్నం. అక్కడ మన బిడ్డను పుట్టుక చూసి పొమ్మంటే తప్పయినప్పుడు, ఇక్కడ పక్కింటోడిని అట్లనే పొమ్మంటే ఒప్పెట్లయితది?

మాట గాయం చేస్తదని మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర లేదు. దశాబ్దాల పాటు తెలుగు సినిమాలో మన యాసను రౌడీకి, జోకర్‌కు పెట్టి నవ్విన్రు. అదీ భావ ప్రకటనా స్వేచ్ఛేనట! 2012 అక్టోబర్‌లో 'కెమెరామెన్ గంగతో రాంబాబు' ఉద్యమాన్ని కించపరిచిందని థియేటర్ల ముందు ఆందోళనలు జరిగినయి. నిర్మాతలు కొన్ని సీన్లు తీసేసిన్రు. నిరసన తెలిపే హక్కును ఎవరూ కాదనలేరు. కానీ మన యాసకు గౌరవం తెచ్చింది ఆ కత్తిరింపులేనా? 2017లో 'ఫిదా' కథానాయిక, 2023లో 'బలగం' ఊరు ఊరంతా మన భాష మాట్లాడితే అన్ని జిల్లాల జనం టికెట్ కొని చూసిన్రు. ఏండ్ల తరబడి సాగిన రాత, పాట, వాదన ఆ దారి వేసినయి. మాటకు మాటే మందు.

ఇక అధికారం సంగతి. శ్రీకృష్ణ కమిటీ తన నివేదికలోని ఎనిమిదో అధ్యాయాన్ని రహస్యంగా కేంద్రం చేతిలో పెట్టింది. సర్కారు ప్రకటనల ఆసరాతో పత్రికలను, చానళ్లను ఎట్ల దారికి తెచ్చుకోవాలో అందులో చెప్పిన సంగతిని 2011 మార్చిలో జస్టిస్ ఎల్. నర్సింహారెడ్డి తీర్పు బయటపెట్టింది. మనం భగ్గుమన్నం. న్యాయమే. మరి 2014 జూన్‌లో, మన సర్కారు వచ్చిన నెలలోనే, తెలంగాణ ఎమ్మెల్యేలను ఎగతాళి చేసిందని టీవీ9, దాంతోపాటు ఏబీఎన్ చానల్ కేబుల్‌లో ఆగిపోతే ఎంతమందిమి భగ్గుమన్నం? ఆ ఎగతాళి నీచమైందే, అందులో అనుమానం లేదు. దాన్ని ఉతికి ఆరేయడానికి మనకు పత్రికలున్నయి, సభలున్నయి. అదే ఏడాది సెప్టెంబర్‌లో, కాళోజీ శత జయంతి రోజున, వరంగల్ గడ్డ మీద ముఖ్యమంత్రి కేసీఆర్ మీడియాను పది కిలోమీటర్ల లోతున పాతిపెడతామన్నరు. 2017లో ఇందిరా పార్కు ధర్నా చౌక్ మూతబడింది. హైకోర్టు జోక్యం చేసుకున్నాక గానీ మళ్లీ నోరు తెరవలేదు. ఏ అరుగు మీద కూర్చుని రాష్ట్రం అడిగినమో ఆ అరుగునే కూలగొడితే అది ఎవరి ఆత్మగౌరవం?

విద్వేషాన్ని ఆపడానికి చట్టం వద్దా అని మిత్రులు అడుగుతరు. కావాలె. రాజ్యాంగం 19వ అధికరణ స్వేచ్ఛనూ ఇచ్చింది, హద్దులూ పెట్టింది. చంపండి, తగలబెట్టండి అని మందిని ఉసిగొల్పేవాడిని పట్టవలసిందే. కానీ ఆ చట్టం చేసిన పని కూడా చూడాలె. 2012 డిసెంబర్‌లో నిర్మల్‌లో అక్బరుద్దీన్ ఒవైసీ ప్రసంగంపై కేసు తేలడానికి 2022 ఏప్రిల్ దాకా పట్టింది, అదీ కొట్టివేతతోనే. 2020 బల్దియా ఎన్నికల్లో పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రైక్ చేస్తామని బండి సంజయ్ అంటే అది ఓట్ల పంటగా మారింది. ఇంకోపక్క ఉద్యమంలో జై తెలంగాణ అన్న విద్యార్థుల మీద వేల కేసులు పడ్డయి. 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకుపోయిన ముస్లిం యువకులపై కేసులు కోర్టులో నిలవలేదు. అంతలోపల ఎన్ని పత్రికలు, చానళ్లు వాళ్లను ఉగ్రవాదులని పిలవలేదు? పెద్దోడి దగ్గర చట్టం నడక, పేదోడి దగ్గర ఉరుకు.

అందుకే బాధ్యతను పోలీసు చేతికి అప్పజెప్పి చేతులు దులుపుకోవద్దు. అది మాట్లాడేవాడి మెడ మీదనే ఉండాలె. మైకు పట్టుకునే ముందు, వార్త రాసే ముందు మనకు మనం వేసుకోవలసిన ప్రశ్నలు ఇవి. నేను విమర్శిస్తున్నది ఒకరి పదవినా, పుట్టుకనా? నా చేతిలో జీవో నంబరు లాంటి ఆధారం ఉన్నదా, ఉత్త కోపమేనా? నా మాట పడ్డవాడికి తిరిగి జవాబు చెప్పే బలం ఉన్నదా? పాలకునికి పోలీసు ఉన్నడు, చానల్ ఉన్నది, అసెంబ్లీ ఉన్నది. ఎంత గట్టిగా అడిగినా తప్పులేదు. గల్లీలోని కిరాయిదారుకు ఏమున్నది?

విద్యార్థులారా, ఉద్యోగ మిత్రులారా! నీళ్ల లెక్క అడుగుదాం, నియామకాల లెక్క అడుగుదాం, ఎవరు కుర్చీలో ఉన్నా అడుగుదాం. అడిగేటోడి నోరు మూస్తే, వాడు మనకు నచ్చనోడైనా సరే, వాడి పక్కన నిలబడదాం. టిఫిన్ బండి మనిషిని, ఆటో సోదరుడిని మాత్రం ఆ కొట్లాటలోకి గుంజొద్దు. నోరు కోసం కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్నోళ్లం. ఇంకొకరి నోరు నొక్కితే ఆ రాష్ట్రం మనది కాకుండ పోతది.