పాత ఆసిలోస్కోపు కొనేముందు

ముంబయి లామింగ్టన్ రోడ్డు, చెన్నై రిచీ వీధి, బెంగుళూరు ఎస్.పి. రోడ్డు, హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ: ఎలెక్ట్రానిక్స్‌పై మోజు గలవారికి ఇవన్నీ పుణ్యక్షేత్రాలే. కర్మాగారాలూ, కళాశాలలూ వదిలించుకున్న కొలత పరికరాలు పాతసామాను వర్తకుల చేతుల మీదుగా ఇటువంటి బజారులకు చేరుతుంటాయి. ఒకనాడు పెద్ద ప్రయోగశాలలు మాత్రమే భరించగలిగిన పరికరాన్ని నేడు సామాన్య ఉద్యోగి సైతం ఇంటికి తెచ్చుకోగలుగుతున్నాడు. అయితే ఏది పాతది కొనవచ్చునో, ఏది కొత్తదే కొనాలో తెలియక బయలుదేరినవానికి డబ్బు నష్టమే కాక ప్రాణాపాయమూ ఉన్నది.

మల్టీమీటరు మాత్రం కొత్తదే కొనడం మేలు. 230 వోల్టుల విద్యుత్తుకూ మనిషి చేతికీ నడుమ నిలిచేది అదే. పాత మీటరులో కాలిపోయిన ఫ్యూజుకు బదులు ఎవరో రాగితీగ చుట్టి ఉండవచ్చు. మూత విప్పితే గాని ఆ సంగతి బయటపడదు. ముల్లు మీటర్ల అభిమానులు ఈ మాటకు ఒప్పుకోరు. బ్రిటిషు అవో 8ను గాని, అమెరికను సింప్సన్ 260ని గాని ఒకసారి వాడినవారికి వదలబుద్ధి కాదన్నది నిజమే. కాని ఆ రెండింటి నిరోధం వోల్టుకు 20,000 ఓములే. అనగా 10 వోల్టుల స్కేలుపై మొత్తం 2 లక్షల ఓములు. 10 వోల్టుల సరఫరాకు 2 లక్షల ఓముల రెసిస్టర్లు రెండు వరుసగా కలిపి, ఒకదానిపై కొలిస్తే రావలసినది 5 వోల్టులు. ముల్లు చూపేది సుమారు 3.3. మీటరు చెడిపోలేదు, తానే సర్క్యూటులో భాగమై దానిని మార్చివేసింది. కోటి ఓముల నిరోధం గల సాధారణ డిజిటల్ మీటరు అక్కడే 4.95 చూపుతుంది.

విద్యుత్ తరంగాన్ని తెరపై గీసి చూపే ఆసిలోస్కోపు సంగతి వేరు. చవకైన కొత్త డిజిటల్ స్కోపులు వచ్చాక పాతవాటి ఆధిక్యం తగ్గినా, విప్పి బాగుచేసుకునే వీలు పాతవాటిలోనే ఎక్కువ. 1972లో వెలువడిన టెక్‌ట్రానిక్స్ 465 సర్వీసు మాన్యువల్‌లో సర్క్యూటు పటాలూ, విడిభాగాల పట్టికా, ఎక్కడ ఎంత వోల్టేజి ఉండాలో, తరంగం ఏ ఆకారంలో ఉండాలో అన్నీ ఉంటాయి. దాని ప్రతి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. 100 మెగాహెర్ట్‌జ్‌ల ఈ స్కోపు తరువాత 1980లలో వచ్చిన 2465 సామర్థ్యం 300. ఆ అంకె చూసి మురిసిపోరాదు. అందులో కంపెనీ తనకోసమే చేయించుకున్న చిప్పు ఒకటి పోతే, మరొక 2465ను బలి ఇవ్వవలసిందే. ఆంప్లిఫయర్లు బాగుచేసుకునేవారికి 20 మెగాహెర్ట్‌జ్‌లు చాలు. చెవికి వినిపించే ధ్వని 20 కిలోహెర్ట్‌జ్‌లు దాటదు.

దుకాణంలో అరగంట సేపు నడిపించి చూడాలి. అంతకుముందే వెనుక భాగం చూసి, 115 వోల్టులకు అమర్చి ఉన్నదేమో గమనించాలి. గీత సన్నగా, స్పష్టంగా ఉన్నదా? తెరపై కాలిన మచ్చలున్నవా? పిక్చర్ ట్యూబు పోతే ఆశ వదులుకోవలసిందే. ముందువైపున ఉండే కాలిబ్రేటరుకు ప్రోబు తగిలించి, రెండు చానళ్లలోనూ చతురస్ర తరంగం సరిగా వస్తున్నదా అని చూడాలి. గుబ్బ తిప్పినప్పుడు గీత ఎగిరెగిరి పడితే అది చాలావరకు మురికి దోషమే. శుభ్రం చేస్తే పోతుంది, ఈలోగా బేరానికి పనికివస్తుంది. మెయిన్స్ ఫిల్టరులోని పాత కాగితపు కెపాసిటర్లు ఏనాడైనా పగిలి పొగ చిమ్మగలవు కనుక ఇంటికి తేగానే మార్చివేయాలి. వాటి ఖర్చు స్వల్పం.

అసలు ప్రమాదం మరొకచోట ఉన్నది. ప్రోబు నల్ల క్లిప్పు లోపల స్కోపు లోహపు పెట్టెకూ, దాని ద్వారా ఎర్తుకూ కలిసి ఉంటుంది. మెయిన్స్‌కు నేరుగా ముడిపడిన టెలివిజన్ సర్క్యూటుపై దానిని తగిలిస్తే నిప్పురవ్వలు లేస్తాయి. దీనికి విరుగుడుగా కొందరు ప్లగ్గులోని ఎర్తు పిన్ను పీకివేస్తారు. రవ్వలు లేవడం ఆగుతుంది. కాని స్కోపు పెట్టె అంతటా మెయిన్స్ వోల్టేజి ప్రవేశిస్తుంది. ఎర్తు పిన్ను లేని స్కోపు అమ్మకానికి కనిపిస్తే, మునుపటి యజమాని అలవాటు ఊహించుకోవచ్చు. మూడు పిన్నుల ప్లగ్గు బిగించిన తరువాతే స్విచ్చి వేయాలి. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు ద్వారా నడపవలసినది పరీక్షించే వస్తువును, స్కోపును కాదు. ఆ ట్రాన్స్‌ఫార్మరు వెలను కూడా కలుపుకొని స్కోపు బేరానికి దిగాలి.