నడుం వంచితేనే రైడరా?

అమెరికాలో మన తెలుగు కుర్రాళ్ల బైక్ గ్రూపుల్లో ఒక తీర్పు ఎప్పుడో ఖాయమైపోయింది. ఎవరైనా యమహా ఆర్6, సుజుకి జీఎస్ఎక్స్-ఆర్ లాంటి స్పోర్ట్ బైకును అమ్మేసి, హ్యాండిల్ ఎత్తుగా, ముందు పెద్ద అద్దం, వెనక రెండు పెట్టెలు ఉండే స్పోర్ట్ టూరర్ కొన్నాడా, ఫొటో పెట్టిన నిమిషంలో కింద కామెంటు పడుతుంది: "అయిపోయాడ్రా, అంకుల్ అయ్యాడు." ఆ తర్వాత నవ్వుల బొమ్మలు. పాపం కొన్నవాడు కూడా "నడుం నొప్పి మామా, ఏం చేస్తాం" అని తనకు తానే క్షమాపణ చెప్పుకుంటాడు.

ఆ క్షమాపణ అక్కర్లేదన్నదే నా వాదన. ఆ తీర్పు వెనక మూడు నమ్మకాలున్నాయి. సౌకర్యం కోరుకున్నవాడికి వేగం మీద మోజు తీరిపోయిందన్నది మొదటిది. ఒళ్లు హూనం చేసే బండిని నడపడమే నైపుణ్యమన్నది రెండోది. బండి మార్పు వయసు చేయించే పనేనన్నది మూడోది. మూడూ తప్పే.

ముందు ఒక మాట. స్పోర్ట్ బైక్ మీద మనవాళ్ల మోజును నేను వెక్కిరించడం లేదు. 2004లో "ధూమ్" సినిమా చూసి హయబూసా బైకు పేరు బట్టీ పట్టిన తరం మనది. 2008లో యమహా ఆర్15 వస్తే, దాని ఈఎంఐ లెక్కలు ఇంట్లో చెప్పలేక నోట్‌బుక్ వెనక పేజీలో వేసుకున్న తరం. అలాంటివాడు ఎంఎస్ చేసి, ఉద్యోగం వచ్చి, చేతిలో నాలుగు డాలర్లు నిలవగానే వాడిన ఆర్6 కొనుక్కోవడంలో తప్పేముంది? కల నెరవేర్చుకోవడం వేరు. ఆ కలే కొలబద్ద అని మిగతావాళ్లను దానితో కొలవడం వేరు. నా తగువు రెండోదానితోనే.

అసలు ఆ వంగుడు ఎక్కడిది? 1992లో హోండా సీబీఆర్900ఆర్ఆర్, 1998లో యమహా ఆర్1, ఆ మరుసటేడు ఆర్6. ఈ వరసలో వచ్చిన ప్రతి బండీ రేస్ ట్రాక్ వైపు చూస్తూ పుట్టిందే. ఫుట్‌పెగ్‌లు అంత ఎత్తున ఎందుకున్నాయంటే, బండి బాగా వాలినప్పుడు నేలకు రాసుకోకుండా. హ్యాండిల్ అంత కిందికి ఎందుకుందంటే, బరువు ముందు చక్రం మీద పడి అది నేలను గట్టిగా పట్టుకోవడానికి, ఒళ్లు గాలికి అడ్డం పడకుండా ఉండటానికి. ట్రాక్ మీద రైడర్ ఒక్క భంగిమలో రెండు సెకన్లు ఉండడు. బ్రేకు పట్టి లేస్తాడు, పక్కకు దిగుతాడు, మళ్లీ ట్యాంకు మీద పడుకుంటాడు. పైగా అక్కడి వేగానికి ఎదురుగాలే ఛాతీని ఎత్తిపట్టి మణికట్ల మీద భారం తగ్గిస్తుంది. అంటే అక్కడ ప్రతి ఇబ్బందికీ ఒక ప్రయోజనం ఉంది. అదే బండిని 70 మైళ్ల వేగంతో తిన్నటి ఇంటర్‌స్టేట్ మీద పెట్టండి. ప్రయోజనాలన్నీ ట్రాక్ మీదే ఉండిపోతాయి, ఇబ్బందులు మాత్రం వెంట వస్తాయి.

డాలస్‌లో ఉండే మనవాళ్లకు ఇది బాగా తెలుసు, ఒప్పుకోరు గానీ. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ చుట్టూ భూమి చపాతీ పీటలా ఉంటుంది. మలుపు కావాలంటే ఆర్కన్సాకో, ఓక్లహోమాకో, ఆస్టిన్ అవతలి కొండలకో పోవాలి. హాట్ స్ప్రింగ్స్ చేరి అక్కడి హైవే 7 పట్టుకోవాలంటే ముందు ఐ-30 మీద దాదాపు 290 మైళ్లు తినాలి. పొద్దున్నే బయల్దేరిన గుంపు సల్ఫర్ స్ప్రింగ్స్ దగ్గర పెట్రోలుకు ఆగినప్పుడు చూడండి. ఆర్6 మీదొచ్చినవాడు గ్లౌజులు విప్పి చేతులు విదిలిస్తుంటాడు. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కి ఉంటాయి. పంపు దగ్గర కార్డు ఎడమ చేత్తో గుచ్చుతాడు. వీపున బ్యాక్‌ప్యాక్, దాని పట్టీలు భుజాల్ని కోస్తుంటాయి. "ఏమైందిరా?" అంటే "ఏం లేదు, ఊరికే స్ట్రెచ్ చేస్తున్నా" అంటాడు. డాలస్ నుంచి ఎనభై మైళ్లే అయింది. ఇంకా రెండు వందలున్నాయి. పక్క పంపు దగ్గర టూరర్ మీదొచ్చినవాడు పెట్టెలోంచి ఫ్లాస్కు తీసి కాఫీ తాగుతుంటాడు.

ఆ తర్వాత మలుపులు మొదలవుతాయి. వాటి కోసమే ఇంత దూరం వచ్చింది. అక్కడికి చేరేసరికి ఒకడి మెడ బిగుసుకుపోయి పక్కకు తిరగదు, క్లచ్ మీద వేళ్లు చెప్పినమాట వినవు. రెండోవాడు అప్పుడే నిద్ర లేచినట్టుంటాడు. ఆ రోజు ఇద్దరిలో మలుపులు బాగా తిప్పేదెవరో చెప్పడానికి పంచాంగం చూడక్కర్లేదు. బండి తయారైనవాడా, ఒళ్లు తయారైనవాడా అన్నదే లెక్క.

"మలుపుల్లోనైనా స్పోర్ట్ బైకే వేగం కదా" అంటారు. ఏ మలుపుల్లో? అమెరికాలో రైడర్లు తీర్థయాత్రలా వెళ్లే రోడ్లనే తీసుకుందాం. టెనెసీ, నార్త్ కరోలినా సరిహద్దులోని "టెయిల్ ఆఫ్ ద డ్రాగన్"లో 11 మైళ్లలో 318 మలుపులుంటాయి. వేగ పరిమితి 30 మైళ్లు. 469 మైళ్ల బ్లూ రిడ్జ్ పార్క్‌వే మీద ఎక్కడా 45 దాటకూడదు. వెయ్యి సీసీ సూపర్‌బైక్ మొదటి గేరులోనే ఆ రెండు పరిమితుల్నీ దాటేసి, ఇంకా సగం ఊపిరి దాచుకుని ఉంటుంది. అలాంటి రోడ్డు మీద కావాల్సింది తక్కువ ఆర్‌పీఎమ్‌లో లాగే సత్తా. ఆర్6కి గరిష్ఠ టార్క్ 61.7 న్యూటన్ మీటర్లు, అదీ 10,500 ఆర్‌పీఎమ్ దగ్గర. కవాసాకి నింజా 1000ఎస్ఎక్స్‌కి 111, అదీ 8,000 దగ్గర. ఇంజిన్ పెద్దది కాబట్టి ఇది సమానుల పోటీ కాదు, నిజమే. కానీ మలుపు మధ్యలో యాక్సిలరేటర్ తిప్పినప్పుడు వెనక చక్రానికి అందేది ఆ లాగుడే, స్పెక్ షీట్ మీది గుర్రాలు కావు.

అంకెల మోజు ఎక్కడిదాకా పోతుందో 2006లో ఒకసారి బయటపడింది. ఆ ఏడు కొత్త ఆర్6కి రెడ్‌లైన్ 17,500 అని యమహా ఊదరగొట్టింది. తీరా చూస్తే టాకోమీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తోందని తేలింది. కావాలంటే బండి వెనక్కి తీసుకుంటామని కంపెనీ అమెరికాలో కొన్నవాళ్లకు చెప్పాల్సి వచ్చింది. రోడ్డు మీద ఆ చివరి వెయ్యి ఆర్‌పీఎమ్ చూసేవాడెవడు? అయినా గొప్ప అంతా అక్కడే ఉందని నమ్మాం.

స్పోర్ట్ టూరర్ అంటే స్పోర్ట్ బైకుకు పింఛను ఇచ్చినట్టు అనుకునేవాళ్లకు ఇంకో సంగతి. యమహా 2025లో ఆర్9 తెచ్చింది. ఆ ఏడాదే ప్రపంచ సూపర్‌స్పోర్ట్ ఛాంపియన్‌షిప్‌ను స్టెఫానో మాంజీ దాని మీద గెలిచాడు. ఆ బండిలో ఉన్నది ట్రేసర్ 9 అనే స్పోర్ట్ టూరర్‌లో ఉండే 890 సీసీ మూడు సిలిండర్ల ఇంజినే. "అంకుల్ బండి" గుండెకాయ పెట్టుకుని కుర్రాళ్ల రేసు గెలిచారన్నమాట. బీఎండబ్ల్యూ దీన్నే తిరగేసి చేసింది. ఎస్1000ఆర్ఆర్ సూపర్‌బైక్ ఇంజినును రోడ్డుకు తగ్గట్టు మలిచి, 2015లో నిటారుగా కూర్చునే ఎస్1000ఎక్స్ఆర్‌లో పెట్టింది. తేడా ఇంజిన్ పౌరుషంలో ఉందనుకునే మాట ఇక్కడే కూలిపోతుంది. తేడా ఉన్నది మనిషిని ఎక్కడ, ఎలా కూర్చోబెట్టారన్నదాంట్లో.

సౌకర్యం అంటే మెత్తటి సీటు అనుకోవడం కూడా పొరపాటే. 1976లో వచ్చిన బీఎండబ్ల్యూ ఆర్100ఆర్ఎస్ కోసం ఇటలీలోని పినిన్‌ఫరీనా విండ్ టన్నెల్‌లో కూర్చుని ఫెయిరింగ్ అనే ముందు తొడుగు రూపం తేల్చారు. గాలి ఛాతీ మీద పడకుండా, బండి ముందుభాగం తేలిపోకుండా చూడటం దాని పని. రైడర్ అలసట తగ్గితే అతను ఎక్కువసేపు వేగంగా పోగలడన్న లెక్క ఆ రోజుల్లోనే వేశారు. వేగానికి సౌకర్యం శత్రువని అప్పుడా ఇంజినీర్లెవరూ అనుకోలేదు.

ఇక రోజంతా బండి మీదే బతికేవాళ్లు ఏం ఎంచుకున్నారో చూద్దాం. కాలిఫోర్నియా హైవే పాట్రోల్ ఏళ్ల తరబడి బీఎండబ్ల్యూ ఆర్1200ఆర్‌టీ-పీ నడిపింది. హోండా ఎస్‌టీ1300, కవాసాకి కాంకర్స్ కూడా అమెరికాలో పోలీసు బళ్లుగా తిరిగాయి. ఇవన్నీ స్పోర్ట్ టూరర్ కుటుంబమే. షిఫ్టు పొడుగునా సీటు మీద ఉండి, అవసరమొస్తే ట్రాఫిక్ సందుల్లోంచి దూరి వెంటపడాల్సిన ఉద్యోగం వాళ్లది. ఆర్1 మీద దొరికిపోయి టికెట్ రాయించుకున్నవాడు, రాసినాయన ఏ బండి దిగి వచ్చాడో గుర్తు చేసుకుంటే చాలు. దూరప్రయాణ రైడర్ల సంఘం ఐరన్ బట్ అసోసియేషన్ వాళ్లదీ ఇదే దారి. 24 గంటల్లో 1,000 మైళ్లు తొక్కితే గానీ వాళ్ల మొదటి మెట్టు ఎక్కలేం. వాళ్ల ర్యాలీలో 11 రోజుల్లో దాదాపు 11,000 మైళ్లు. అక్కడ యమహా ఎఫ్‌జేఆర్1300లు, బీఎండబ్ల్యూ ఆర్‌టీలు, హోండా గోల్డ్ వింగ్‌లు బారులు తీరి ఉంటాయి. వాళ్లను మెత్తనివాళ్లనే ధైర్యం ఎవరికైనా ఉందా?

మూడో నమ్మకం వయసు గురించి. బండి మార్చడానికి వయసు కాదు, భద్రత కూడా కారణం కావచ్చు. ఇక్కడ భయపెట్టే లెక్కలు చేతికి సులువుగా అందుతాయి. సూపర్‌స్పోర్ట్ బైకుల మీద మరణాల రేటు మిగతా మామూలు బైకులకంటే దాదాపు నాలుగు రెట్లని రోడ్డు భద్రతపై పరిశోధించే ఐఐహెచ్ఎస్ సంస్థ 2007లోనే చెప్పింది. కానీ ఆ ఒక్క అంకె మీద నా వాదన నిలబెట్టను. ఆ బళ్లెక్కేది ఎక్కువగా కుర్రాళ్లు. తప్పు బండిదెంత, దుడుకుదెంత అన్నది విడదీయడం తేలిక కాదు. నాకు అంతకంటే పాత లెక్కే ఎక్కువ పనికొస్తుంది. 1981లో హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజిలిస్‌లో 900 ప్రమాదాలను సంఘటనా స్థలాల్లోనే పరిశీలించి నివేదిక ఇచ్చింది. ప్రమాదానికి ముందు బైకుల మధ్యస్థ వేగం గంటకు 29.8 మైళ్లు. ఎక్కువ ప్రమాదాలు ఇంకో వాహనంతో ఢీకొన్నవే, వాటిలో మూడింట రెండు వంతుల్లో అవతలివాడే అడ్డంగా వచ్చాడు. అంటే మన ప్రాణం తీసేది చాలాసార్లు 150 మైళ్ల వేగం కాదు, కూడలిలో మనల్ని చూడకుండా ఎడమకు తిప్పేసిన కారు. దాన్ని ముందే పసిగట్టాలంటే తల ఎత్తి ఉండాలి, మెడ తిరగాలి, వేలికి బ్రేకు తగులుతున్న స్పృహ ఉండాలి. నిటారుగా కూర్చునేవాడికి ఈ మూడూ సులువు. దీనికి పాతికేళ్లవాడైనా, యాభై ఏళ్లవాడైనా ఒకటే.

వయసు మాట ఇంట్లోవాళ్లు కూడా ఎత్తుతారు, ఇంకో రూపంలో: "పెళ్లైంది, ఇంక బండి ఎందుకు నాన్నా, అమ్మెయ్." వాళ్ల కళ్లలో మోటర్‌సైకిల్ అంటే స్పోర్ట్ బైక్ ఒక్కటే. వెనక కూర్చునేవాళ్లకు అరచేయంత సీటు, మోకాళ్లు చెవులకు తగిలే పెగ్‌లు ఉన్న బండి అది. భార్య ఒక్కసారి ఎక్కి రెండోసారి రానంటే తప్పు ఆమెది కాదు. టూరర్ మీద ఇద్దరూ కలిసి ఒక వారాంతం పోయి రావచ్చు. పెళ్లయ్యాక బండి మానేయాలన్న వాదానికి దీనికంటే మంచి జవాబు నాకు కనబడలేదు.

అవతలివాళ్ల మాటల్లో నిజమున్నవి లేకపోలేదు. బరువు నిజం. ఆర్6 సుమారు 190 కిలోలు, ఎఫ్‌జేఆర్1300 సుమారు 289. వాలుగా ఉన్న పార్కింగ్‌లో కాలు జారితే ఆ తేడా నడుముకు తెలుస్తుంది. పడిన బండిని లేపడానికి పక్కవాణ్ని పిలవాలి. ఇంకో చిక్కు, ఎవరూ పెద్దగా చెప్పుకోనిది: పెద్ద అద్దం వెనక, క్రూజ్ కంట్రోల్ మీద, 85 కూడా 60లా అనిపిస్తుంది. ఆ మత్తులో వేగాన్ని మరిచిపోయేవాడు స్పోర్ట్ బైక్ మీది దుడుకువాడికంటే తక్కువ ప్రమాదకారి ఏమీ కాదు. టూరర్ కొన్నంత మాత్రాన ఎవడూ మంచి రైడర్ అయిపోడు. స్పోర్ట్ బైక్ ఇచ్చే స్పర్శ, అంటే ముందు టైరు కింద ఏం జరుగుతోందో అరచేతికి చెప్పడం, టూరర్ అంతగా ఇవ్వదు. దానికి ఎంత మోజుపడ్డా తప్పులేదు. అందుకు ఆస్టిన్‌లో సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ లాంటి ట్రాక్‌లున్నాయి, ట్రాక్ డేలున్నాయి. ఆర్6ను ట్రెయిలర్ మీద అక్కడికి తీసుకెళ్లండి. అది దేనికి పుట్టిందో అక్కడ చూపిస్తుంది, మీరూ ఎదిగేలా చేస్తుంది. దాన్ని టార్గెట్ స్టోర్ పార్కింగ్ లాట్‌లో నిలబెట్టి, పెట్టెలున్న బండిని చూసి నవ్వడం మాత్రం ఆడలేక మద్దెల ఓడన్నట్టే.

కొలత మార్చుకుందాం. రైడర్‌ను ఫొటోలో ఎంత వంగాడని కాకుండా, ప్రయాణం ఎనిమిదో గంటలో ఎలా నడుపుతున్నాడని చూద్దాం. అప్పటికీ మలుపు చివరిదాకా చూపు పోతోందా, బ్రేకు నున్నగా పడుతోందా, వెనకొచ్చేవాణ్ని భుజం మీదుగా తిరిగి చూడగలుగుతున్నాడా? మర్నాడు పొద్దున మళ్లీ బండెక్కాలని అనిపిస్తోందా? ఈ పరీక్షలో కూడా ఆర్6 మీదివాడే గెలిస్తే ఈ వ్యాసాన్ని నేనే చింపేస్తాను. అందాకా, బండి మార్చినవాడు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.